ఊరు మారుతున్నప్పుడు ఎవరు చూస్తున్నారు?

అంతరించిపోతున్న జాతి, కనుమరుగవుతున్న సంస్కృతి, మాసిపోతున్న ఆచారం. సంప్రదాయ సమాజాల మీద తీసిన డాక్యుమెంటరీల గురించి ఏ పుస్తకం తెరిచినా ఈ మూడు మాటల్లో ఒకటి తొలి పేజీల్లోనే ఎదురవుతుంది. మూడింటికీ ఒక వ్యాకరణ లక్షణం ఉమ్మడిగా ఉంది. వీటిలో కర్త కనిపించడు. మంచు కరిగినట్టు, ఆకు రాలినట్టు జనం తమంతట తామే మాయమైపోతారని వాక్యం చెబుతుంది. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇటువంటి వాక్యం తేలికగా మింగుడుపడదు. మరణ ధ్రువపత్రంలో కారణం రాయవలసిన గడిని ఖాళీగా వదిలి సంతకం పెట్టే వీలు మాకు లేదు. ఆ గడిని డాక్యుమెంటరీ చరిత్రలో ఎవరు నింపారు, ఎవరు వదిలేశారు అన్న ప్రశ్నతో కొన్ని పుస్తకాలను, కొన్ని చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసే ప్రయత్నం ఈ వ్యాసం. ఇందులో ఒక ఊరు నేనుంటున్న స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన ఉంది. మరొకటి పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. మూడోది జహీరాబాద్ పక్కన ఉంది.

ఉన్నివర్తకుల డబ్బు, వేటగాడి ఈటె

ఈ చరిత్రను ఎవరు రాసినా 1922లో విడుదలైన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ దగ్గరే మొదలుపెడతారు. రాబర్ట్ ఫ్లాహర్టీ హడ్సన్ అఖాతం తీరంలోని ఇన్యూట్ ప్రజల మధ్య తీసిన మూకీ చిత్రమది. అందులో కథానాయకుడు మంచు ఇల్లు కడతాడు, ఈటెతో వేటాడతాడు, వర్తకుడి కొట్లో గ్రామఫోను పళ్ళాన్ని కొరికి చూస్తాడు. ఆ మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. ఆ కాలానికి అక్కడివారి చేతుల్లోకి తుపాకులు ఎప్పుడో వచ్చేశాయి. కెమెరాకు వెలుతురు చాలదని మంచు ఇంటిని సగమే కట్టించారు. గ్రామఫోను అతనికి కొత్త వస్తువు కాదు.

ఈ కల్పనల గురించి చాలామంది రాశారు. నన్ను నిలిపివేసింది వేరొక వివరం. ఆ చిత్రానికి డబ్బు పెట్టింది రెవియోఁ ఫ్రేర్ అనే ఫ్రెంచి ఉన్నిచర్మాల కంపెనీ. ఇన్యూట్ వేటను బజారు సరుకుగా మార్చింది, తుపాకీని అప్పుగా ఇచ్చి చర్మాలను బాకీగా రాబట్టుకున్నది అటువంటి కంపెనీలే. మార్పుకు కారకులైన వాళ్ళ సొమ్ముతోనే మార్పెరుగని మనిషి బొమ్మ తయారైంది. సినిమా విడుదలైన రెండేళ్ళలోపే అల్లకరియల్లక్ చనిపోయాడు. వేటకు వెళ్ళి ఆకలితో మరణించాడని ప్రపంచమంతా ప్రచారమైంది. అది క్షయ అయ్యుండవచ్చని తరువాతి పరిశోధకులు అంటారు. ఆకలి ప్రకృతి పెట్టిన శిక్ష అనుకోవచ్చు. క్షయ ఆ తీరానికి బయటినుంచి ఓడల్లో వచ్చిన జబ్బు. ఏ కారణం రాస్తామన్న దానిని బట్టి కథే మారిపోతుంది.

స్టుట్‌గార్ట్ పాఠశాల

యుద్ధానంతర జర్మనీలో డాక్యుమెంటరీకి కొత్త ఊపిరి పోసిన నగరాల్లో స్టుట్‌గార్ట్ ముందు వరసలో ఉంది. ఇక్కడి ప్రాంతీయ ప్రసారసంస్థ జ్యూడ్‌డాయిచర్ రుండ్‌ఫుంక్‌లో 1950ల నడుమ హైన్జ్ హూబర్ చుట్టూ ఒక బృందం తయారైంది. డీటర్ ఎర్టెల్, విల్‌హెల్మ్ బిట్టోర్ఫ్, రోమన్ బ్రోడ్‌మన్ వంటివారు అందులో పనిచేశారు. ‘కాలచిహ్నాలు’ అనే అర్థం వచ్చే పేరుతో 1957 నుంచి 1973 దాకా వారు నడిపిన చిత్రమాలిక ఆర్థిక అద్భుతంలో మునిగివున్న పశ్చిమ జర్మనీని చల్లని కళ్ళతో, కొంత వెటకారంతో చూసింది. మల్లయుద్ధంలాంటి ముష్టిపోటీ రోజు, సైన్యపు పునర్నిర్మాణం, 1967లో ఇరాన్ షా పర్యటన అన్నీ ఆ చూపు కిందికి వచ్చాయి. విమర్శకులు ఈ ధోరణికి ‘స్టుట్‌గార్ట్ పాఠశాల’ అని పేరు పెట్టారు. 1991లో ఇదే నగరంలో డాక్యుమెంటరీ చిత్రాల కోసం ఒక ప్రత్యేక సంస్థ, హౌస్ డెస్ డోకుమెంటార్‌ఫిల్మ్స్, ఏర్పడడం వెనుక ఆ వారసత్వం ఉంది.

ఈ బృందానికి చిత్రాలు తీసినా వారి వెటకారానికి దూరంగా నిలిచినవాడు పేటర్ నెస్ట్లర్. 1937లో ఫ్రైబుర్గ్‌లో పుట్టిన ఈయన 1964లో స్టుట్‌గార్ట్ టెలివిజన్ కోసం ‘ఓడెన్‌వాల్డ్‌ష్టెట్టెన్’ అనే చిన్న నలుపుతెలుపు చిత్రం తీశారు. ఒక ఊరు తన ముఖం మార్చుకుంటోంది అన్నది దాని ఉపశీర్షిక. ష్వేబిషె ఆల్ప్ అనే సున్నపురాతి పీఠభూమి మీద ఉన్న చిన్న వ్యవసాయ గ్రామమది. ఆ రాయి నీటిని నిలవనివ్వదు. 1870లలో లోయల నుంచి యంత్రాలతో నీరెక్కించే పథకాలు మొదలయ్యేదాకా ఆ పీఠభూమి పల్లెలు వాననీటి గుంటల మీదే బతికాయి. చలి ఎక్కువ, మట్టి పొర పలుచన. వుర్టెంబర్గ్‌లో చాలాచోట్ల భూమిని పిల్లలందరికీ సమానంగా పంచే ఆచారం వల్ల కమతాలు తరతరానికీ చిన్నవయ్యాయి. మన పల్లెల పంపకాల గొడవలు తెలిసిన పాఠకుడికి ఆ ఊరు అంత పరాయిగా అనిపించదు.

నెస్ట్లర్ ఆ ఊరికి వెళ్ళినప్పుడు ట్రాక్టరు వచ్చి ఉంది, చిన్న రైతు ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళుతున్నాడు. సంప్రదాయం పోతోందని కన్నీరు పెట్టుకోవడానికి, లేదా ప్రగతి వచ్చేసిందని చప్పట్లు కొట్టడానికి టెలివిజన్‌కు అది మంచి అవకాశం. ఆయన రెండూ చేయలేదు. ఊరివాళ్ళ గొంతులను, వాళ్ళ యాసతో సహా, తీరికగా వినిపించారు. తన వ్యాఖ్యానాన్ని అలంకారం లేని గొంతుతో తానే చదివారు. చేతులు చేసే పనిని పని పూర్తయ్యేదాకా చూపించారు. గడిచిన కాలం ప్రస్తావనకు వచ్చినప్పుడు యుద్ధమూ వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా గడవని ఆ చరిత్రను పల్లె అందాల వెనుక దాచడం అప్పటి జర్మన్ తెరకు అలవాటు. ఆ అలవాటును నెస్ట్లర్ పాటించలేదు.

ఇటువంటి చిత్రాలకు గిరాకీ ఎక్కువ కాలం నిలవలేదు. జర్మన్ టెలివిజన్‌లో తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోగా 1966లో నెస్ట్లర్ స్వీడన్‌కు వెళ్ళిపోయి, అక్కడి టెలివిజన్‌లో పనిచేశారు. 1970లో రోమా, సింతీ ప్రజల మీద ఆయన తీసిన చిత్రం నాజీ కాలపు హింసనూ యుద్ధం తర్వాత కొనసాగిన వివక్షనూ ఒకే వరసలో పెట్టి చూపింది. ఐదు దశాబ్దాల తర్వాత, 2022లో, అదే ప్రజల పౌరహక్కుల పోరాటం మీద మళ్ళీ చిత్రం తీశారు. యుద్ధానంతర జర్మన్ దర్శకుల్లో ఆయనను జాఁ మరీ స్ట్రాబ్ వంటి దర్శకుడు అగ్రస్థానంలో నిలపడం ఊరికే కాదు. ఓడెన్‌వాల్డ్‌ష్టెట్టెన్‌లో ఇప్పుడు ఒక పాత రైతు ఇల్లు మ్యూజియంగా ఉంది. ఊరు మాత్రం మ్యూజియం కాలేదు. మారింది, బతికింది. మారడానికి వారికి రోడ్డు, కర్మాగారంలో ఉద్యోగం, ఓటు, పేరు మీద పట్టా ఉన్నాయి. ఈ నాలుగూ లేని చోట మార్పు ఎలా ఉంటుందో చూడాలంటే మన వైపు రావాలి.

గట్టింగెన్ భరిణె

దానికి ముందు, అదే కాలంలో జర్మనీలోనే సాగిన మరో ప్రయత్నాన్ని గుర్తుచేసుకోవాలి. గట్టింగెన్‌లోని శాస్త్రీయ చలనచిత్ర సంస్థలో గోట్‌హార్డ్ వోల్ఫ్ 1952లో ఒక చలనచిత్ర విజ్ఞానసర్వస్వాన్ని ప్రారంభించారు. జంతువుల నడక, మొక్కల పెరుగుదల ఎలా ఒక్కొక్క రీలుగా భద్రపరుస్తారో, మనుషుల పనులనూ అలాగే భద్రపరచాలన్నది సంకల్పం. ఒక రీలులో కుండ చేయడం, ఒక రీలులో బుట్ట అల్లడం, ఒక రీలులో ఒక నృత్యం. నటింపజేయకూడదు, కోతలు తక్కువగా ఉండాలి, వ్యాఖ్యానం వీలైనంత వరకు ఉండకూడదు. ప్రపంచం నలుమూలల నుంచి వేల రీళ్ళు అక్కడికి చేరాయి.

ఫ్లాహర్టీ చేసిన కల్పనకు ఇది గట్టి విరుగుడు. పరిశోధకులకు ఇవి అమూల్యమనడంలో సందేహం లేదు. అయితే కుండ ఎవరి కోసం చేస్తున్నాడు, మట్టి ఎవరి చెరువులోది, రీలు పూర్తయ్యాక కుండకు ధర ఎంత పలికింది అన్న ప్రశ్నలకు ఆ పద్ధతిలో చోటు లేదు. కారణం గడి ఇక్కడా ఖాళీయే. తేడా ఒక్కటే. ఫ్లాహర్టీ దానిని ప్రణయంతో కప్పాడు, గట్టింగెన్ దానిని శాస్త్రనిష్ఠతో కప్పింది. ఆ సంస్థ 2010లో మూతపడింది. రీళ్ళు హానోవర్‌లోని సాంకేతిక గ్రంథాలయానికి చేరాయి.

మార్లవాయికి వచ్చిన శత్రుదేశీయుడు

వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మన పాఠకులకు కొత్తవాడు కాదు. 1936–37లో నాగా కొండల్లో కొన్యాక్‌ల మధ్య పనిచేసి, 1939లో మళ్ళీ భారతదేశం వచ్చేసరికి ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలిపేసుకున్నాడు గనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. నైజాం రాజ్యం పొలిమేరలు దాటకూడదన్న షరతు పెట్టారు. నాగా కొండలకు తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయిన ఆ మనిషి, భార్య ఎలిజబెత్‌తో కలిసి 1940లో అమ్రాబాద్ పీఠభూమి ఎక్కి నల్లమల చెంచుల మధ్య పని మొదలుపెట్టాడు. తర్వాత గోదావరి గండిలోని కొండరెడ్లు, ఆ తర్వాత ఆదిలాబాద్ రాజ్‌గోండులు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు వచ్చాయి. తెలుగునేల ఆదివాసుల మీద మనకున్న తొలి సమగ్ర గ్రంథాలు ఒక నిర్బంధపు ఉత్తర్వు వల్ల పుట్టాయంటే చరిత్ర పోకడ అంతుపట్టదు.

ఆయన ఆదిలాబాద్ వెళ్ళడానికి తక్షణ కారణం మరొకటి ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమ్‌ను, ఆయన అనుచరులను నైజాం పోలీసులు కాల్చి చంపారు. అడవిని రిజర్వు చేస్తూ గీసిన సరిహద్దులు, పోడు మీద ఆంక్షలు, గోండులు తరతరాలుగా దున్నిన భూములకు బయటివారి పేరిట పట్టాలు, వడ్డీవ్యాపారుల పట్టు ఆ తిరుగుబాటుకు దారితీశాయి. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని కాల్చిన ప్రభుత్వమే అనుకుంది. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్న మానవశాస్త్రవేత్త ఇచ్చిన నివేదికలు కారణం గడిని తప్పించుకోలేదు. అటవీశాఖ, రెవెన్యూ శాఖ, వడ్డీవ్యాపారి, పట్టాదారు అని కర్తలను వరసగా రాశాయి.

ఆ నివేదికలు బీరువాల్లో ఉండిపోలేదు. బస్తర్ మరియాల మీద పుస్తకం రాసిన విల్‌ఫ్రెడ్ గ్రిగ్సన్ అప్పుడు హైదరాబాద్‌లో రెవెన్యూ బాధ్యతల్లో ఉండడం కలిసివచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చయ్యాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా లక్ష ఎకరాలకు మించిన భూమికి ఆదివాసీ కుటుంబాల పేర పట్టాలిచ్చారు. తర్వాత చరిత్రకారుడిగా పేరు పొందిన సేతుమాధవరావు పగడి వంటి అధికారుల చేతి కష్టం ఇందులో ఉంది. చెంచుల మీద ఆయన పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలో ‘అడవి జనం’ అన్న మాట ఉంది. అందులో పెద్దరికపు ఛాయ లేదనలేము. ఆయన సలహాదారుగా ఉన్నది ప్రజలెన్నుకున్న ప్రభుత్వానికీ కాదు. ఈ రెండు అభ్యంతరాలనూ ఉంచుకునే, పట్టా కాగితం చేతికందిన కుటుంబాల వైపు నుంచి కూడా లెక్క చూడాలి.

తిరిగి వచ్చి చూసినప్పుడు

హైమన్‌డార్ఫ్ నోటుపుస్తకంతో పాటు కెమెరానూ విడువలేదు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, పదహారు మిల్లీమీటర్ల రీళ్ళు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఆయన శిష్యుడు అలన్ మాక్‌ఫర్లేన్ కేంబ్రిడ్జిలో 2000లో సహచరులతో కలిసి ప్రారంభించిన డిజిటల్ హిమాలయ ప్రాజెక్టు వల్ల హిమాలయ ప్రాంతపు రీళ్ళు అంతర్జాలంలోకి వచ్చాయి. రీళ్ళకు ఒక స్వభావం ఉంది. తీసిన రోజు దగ్గరే అవి ఆగిపోతాయి. మనిషి ఆగడు. 1976లో పదవీవిరమణ చేసి ఆయన మళ్ళీ ఆదిలాబాద్ వచ్చారు. 1979లో గోండుల మీద ఒక పుస్తకం, 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్’ వెలువడ్డాయి. రెండో పుస్తకంలో మైకేల్ యార్క్, జయప్రకాశ్ రావు రాసిన భాగాలూ ఉన్నాయి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘మనుగడ కోసం పోరాటం’ పేరుతో తెలుగు పాఠకులకు దీనిని అందించింది.

ఈ వ్యాసంలో చెప్పుకునే పుస్తకాలన్నింటిలో ఒక్కటే చదవగలిగితే దీనిని చదవమంటాను. డెబ్భయ్యేళ్ళ మానవశాస్త్రవేత్త తన యవ్వనంలో చూసిన ఊళ్ళలోకి మళ్ళీ నడిచి వెళ్ళి, ఇంటింటి భూమి లెక్క తీస్తారు. రోడ్డు వచ్చిన ఊళ్ళో భూమి ముందు పోయింది. రోడ్డు చేరని ఊళ్ళో భూమి నిలిచింది. పత్తి వచ్చిన చోటికి షావుకారు వచ్చాడు. 1959లో వచ్చిన భూబదలాయింపు నిషేధ చట్టం 1963లో తెలంగాణకు విస్తరించింది, 1970లో మరింత బిగిసింది. కాగితం మీద భూమి గోండుదే, చేలో నాగలి మరొకరిది. శైలి ఎక్కడా గొంతు పెంచదు. పాత రోగిని ఏళ్ళ తర్వాత చూసిన వైద్యుడు పాత రిపోర్టులను, కొత్త రిపోర్టులను పక్కపక్కన పెట్టి చదివినట్టు ఉంటుంది. సంస్కృతి పోతోందన్న విచారం కంటే ముందు సర్వే నంబరు వస్తుంది. దండారి వేడుక ఎందుకు చిన్నబోయిందన్న ప్రశ్నకు జవాబు ధాన్యపు గాదెలో ఉందని తెలుస్తుంది.

దాదాపు అదే కాలంలో మైకేల్ యార్క్ బీబీసీ కోసం రాజ్‌గోండుల మీద చిత్రం తీశారు. దండారి రోజుల్లో నెమలి ఈకల కిరీటం ధరించి, ఒంటికి విభూతి పూసుకుని ఆడే గుస్సాడీలు ప్రపంచానికి పరిచయమవడంలో అటువంటి చిత్రాల పాత్ర ఉంది. ఆ కిరీటం నిజం, ఆ వేడుక నిజం. అదే రోజుల్లో, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లి సంత రోజున భూమి హక్కుల సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం లెక్కలో 13 మంది చనిపోయారు. అంతకంటే చాలా ఎక్కువమందని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. నెమలి కిరీటానికి దొరికినన్ని చలనచిత్రపు అడుగులు ఇంద్రవెల్లి సంతకు దొరకలేదు. ఆ రోజును గుర్తుంచుకునే బాధ్యత ఒక స్థూపం మీద, పాటల మీద పడింది. సంప్రదాయ సమాజపు మార్పును చిత్రించడమంటే మన కళ్ళకు ముందు వేడుకే ఎందుకు వస్తుందో, సంతలో నిలబడి పట్టా అడిగే మనిషి ఎందుకు రాడో ఆలోచించవలసిన విషయం.

హైమన్‌డార్ఫ్ మొదట తిరిగిన మరి రెండు ప్రాంతాల పరిస్థితీ చూడండి. అమ్రాబాద్ చెంచుల అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. 2019లో అక్కడ యురేనియం అన్వేషణ మాట వినిపించి పెద్ద నిరసన లేచింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పాపికొండల్లో ఆయన నడిచిన కొండరెడ్ల, కోయల సీమలో ఎన్నో ఊళ్ళు పోలవరం ముంపులో ఉన్నాయి. 1945 నాటి పుస్తకంలో ఇతర సమాజాల ప్రభావంతో వచ్చే సాంస్కృతిక మార్పు అధ్యయన విషయం. గోదావరి నీళ్ళు ఇంట్లోకి రావడాన్ని ఆ మాటతో పిలవలేము.

సంఘం షాట్

కెమెరా వెనుక ఉన్నది ఎవరన్న ప్రశ్న ప్రపంచంలో చాలాచోట్ల 1960ల నుంచి పదునెక్కింది. పశ్చిమాఫ్రికాలో చిత్రాలు తీసిన జాఁ రూష్ తన రీళ్ళను ఆ ఊళ్ళలోనే ప్రదర్శించి వాళ్ళ అభిప్రాయం అడిగేవారు. అయినా సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1965లో ఆయన ఎదుటనే, మమ్మల్ని పురుగులను చూసినట్టు చూస్తున్నారన్న అర్థంలో నిష్టూరంగా మాట్లాడారు. 1966లో అమెరికాలో సాల్ వర్త్, జాన్ అడైర్ నవాహో యువతకు కెమెరాలిచ్చి వారి చిత్రాలను వారినే తీసుకోమన్నారు. 1980ల చివర బ్రెజిల్‌లో విన్సెంట్ కరెల్లీ అడవి గ్రామాలకు వీడియోను తీసుకువెళ్ళారు. 2001లో జకరియస్ కునుక్ అనే ఇన్యూట్ దర్శకుడు తన భాషలో తీసిన ‘అటనర్జుఅట్’ కాన్‌లో తొలి చిత్రానికిచ్చే బహుమతి గెలిచింది. అల్లకరియల్లక్ మనుమల తరం మంచు ఇంటిని తామే కట్టి, తామే చిత్రించుకోవడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

తెలుగునాట ఈ మలుపు మెతుకుసీమలో జరిగింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఊరూరా దళిత మహిళల సంఘాలున్నాయి. బంజరును సాగులోకి తెచ్చి, జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి పండించి, విత్తనాన్ని తమ బుట్టలోనే దాచుకున్న ఆడవాళ్ళు వారు. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీశ్ ఆ సంస్థకు వెన్నెముకగా ఉన్నారు. ఆయన 2023లో మరణించారు. బడి ముఖం చూడని ఆ మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, వరంగల్ రైతుల పొలాల్లో ఆ పత్తి ఏమైందో కాపు కాసి చిత్రించారు. 2003లో వచ్చిన ఆ చిత్రం, బీటీ పత్తి మీద వరంగల్ రైతులు ఎందుకు కోపంగా ఉన్నారని పేరులోనే అడిగింది. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది.

కెమెరా పాఠాల్లో ఆ మహిళలు చేసిన నామకరణం ఒకటి చలనచిత్ర శాస్త్రపు పుస్తకాల్లో ఉండదగినది. పైనుంచి కిందికి చూపే షాట్‌ను వారు పటేల్ షాట్ అన్నారు. గద్దె మీద కూర్చున్న దొర నేల మీది మనిషిని చూసే చూపు అది. కిందినుంచి పైకి చూపేది బానిస చూపు. కంటికి కన్ను సమంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు గనుక అందరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి. తాము తీసే చిత్రాల్లో సంఘం షాటే ఉండాలని వారు కోరుకున్నారు.

ఈ కొలబద్ద చేతికి వచ్చాక మనం చెప్పుకున్న చిత్రాలన్నింటినీ తిరిగి చూడవచ్చు. ఫ్లాహర్టీ తన నాయకుడిని కింది నుంచి చూసి వీరుడిని చేశాడు. గట్టింగెన్ భరిణె పై నుంచి చూసి నమూనాను చేసింది. నెస్ట్లర్ ఆల్ప్ పీఠభూమి మీద రైతు బల్ల ఎదుట కూర్చున్నాడు. హైమన్‌డార్ఫ్ 1940లలో కొంత ఎత్తు నుంచి చూశాడు. నలభై ఏళ్ళ తర్వాత గోండుల భూమి లెక్క రాస్తున్నప్పుడు చాప మీదికి చాలా దగ్గరగా వచ్చాడు. ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయినా, ఆయన అవశేషాలు కూడా ఆ సమాధి పక్కకే చేరాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ వారిని తలుచుకుంటారు. పుస్తకానికి వచ్చే సమీక్షలు చాలా రకాలు. ఊరివాళ్ళు తమ నేలలో ఇచ్చే ఆరడుగుల చోటు వాటిలో అరుదైనది.

తిరిగి ఇవ్వడం అంటే ఏమిటి?

స్టుట్‌గార్ట్‌లో హేగెల్ కూడలి దగ్గర 1911లో తెరిచిన లిండెన్ మ్యూజియం ఉంది. ప్రపంచ ప్రజల వస్తువులతో నిండిన ఆ భవనంలో ఒక బైబిలు, ఒక కొరడా నూరేళ్ళకు పైగా ఉన్నాయి. అవి నైరుతి ఆఫ్రికాలో జర్మన్ వలసపాలనను ఎదిరించిన నామా నాయకుడు హెండ్రిక్ విట్‌బోయ్‌వి. 1893లో జర్మన్ సేనలు ఆయన నివాసం హోర్న్‌క్రాన్స్ మీద దాడి చేసి దోచుకున్నవాటిలో ఉన్నాయవి. 2019 ఫిబ్రవరిలో బాడెన్ వుర్టెంబర్గ్ ప్రభుత్వం వాటిని నమీబియాకు తిరిగి ఇచ్చింది. అప్పుడు నామా పెద్దల సంఘం ఒకటి స్టుట్‌గార్ట్ న్యాయస్థానం తలుపు తట్టి, వాటిని నమీబియా ప్రభుత్వానికి కాక నామా ప్రజలకే ఇవ్వాలని కోరింది. న్యాయస్థానం అంగీకరించలేదు. తిరిగి ఇవ్వాలన్న విషయంలో అందరూ ఒప్పుకున్నాక కూడా, ఎవరి చేతికి అన్న ప్రశ్న మిగిలింది.

బైబిలు ఒక్కటే ఉంటుంది. చలనచిత్రానికి నకళ్ళు ఎన్నయినా తీయవచ్చు. కాబట్టి తిరిగి ఇవ్వడం ఇక్కడ తేలిక కావాలి. తాత ముఖం, అవ్వ గొంతు, తమ ఊరి పాత చెట్టు ఉన్న రీళ్ళు గోండులకు, చెంచులకు, కొండరెడ్లకు ఉత్తరంలో లింకుగా పంపితే సరిపోదు. ఆ ఊరి తెర మీద, ఆ ఊరి భాషలో వ్యాఖ్యానంతో, ముఖాలను పేర్లతో గుర్తించగల వృద్ధులు ఉన్నప్పుడే అవి చేరాలి. ఆ చివరి షరతుకు గడువుంది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజు 2021లో పద్మశ్రీ అందుకుని 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన తరం నడుస్తున్న విజ్ఞానసర్వస్వం. మరోపక్క ఆశ కలిగించే వార్తలూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన చేతిప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. 1943లో గోండు పిల్లలకు దేవనాగరిలో వాచకాలు ఇవ్వవలసి వచ్చింది. ఇప్పుడు ఆ రీళ్ళ కింద గోండీ మాటలు గోండీ లిపిలోనే నడిపించవచ్చు.

స్టుట్‌గార్ట్‌లో 2004 నుంచి ఏటా భారతీయ చలనచిత్రోత్సవం జరుగుతోంది. ముంబయితో ఈ నగరానికి 1968 నుంచి సోదరబంధం ఉంది గనుక హిందీ చిత్రాల సందడి సహజం. డాక్యుమెంటరీలకూ అక్కడ చోటుంది. అటువంటి వేదిక మీద ‘ఓడెన్‌వాల్డ్‌ష్టెట్టెన్’ను, వరంగల్ పత్తి చిత్రాన్ని ఒకే సాయంత్రం వరసగా వేస్తే బాగుంటుందని నా కోరిక. ష్వేబిష్ యాసలో మాట్లాడే రైతు, తెలంగాణ యాసలో మాట్లాడే రైతు ఇద్దరూ విత్తనం, అప్పు, కొడుకు పట్నం పోవడం గురించే మాట్లాడతారు. ఒకరిది యూరప్ చరిత్ర, మరొకరిది అంతరించిపోతున్న సంస్కృతి అని రెండు పేర్లు పెట్టడం అప్పుడు కష్టమవుతుంది.

పాఠకులు ముందుగా ‘మనుగడ కోసం పోరాటం’ చదవాలని నా మనవి. నెస్ట్లర్ తొలి చిత్రాలు డీవీడీ సంపుటిగా వచ్చాయి, గ్రంథాలయాల్లో అడిగి చూడండి. ఆపైన మారిపోతున్న ఏ సమాజం మీద ఏ డాక్యుమెంటరీ ఎదురైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. కెమెరా ఏ ఎత్తులో ఉంది? కారణం గడిలో ఎవరి పేరు రాశారు?